అమెరికాలో రెస్టారెంట్ ముందు పాటియో: సిటీ డిజైన్ రివ్యూ దాటడం ఎలా

"బయట ఆరు టేబుళ్లు వేసుకుంటామంటే సిటీ ఇన్ని కొర్రీలు ఎందుకు పెడుతోంది?" టెక్సస్‌లో ఫ్రిస్కో, ఇర్వింగ్ నుంచి న్యూజెర్సీలో ఎడిసన్ దాకా రెస్టారెంట్లు నడిపే మనవాళ్ల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. ఆ టేబుళ్లు వేసే బయటి జాగానే పాటియో. అది ఎలా ఉండబోతోందో సిటీ డ్రాయింగులు చూసి ఆమోదించే పనే డిజైన్ రివ్యూ. చాలా కొర్రీలకు కారణం ఒక్కటే. రివ్యూ చేసేవాళ్ల ముందున్న డ్రాయింగులో వాళ్ల ప్రశ్నకు జవాబు ఉండదు. వాళ్లు మీ బిర్యానీ తినరు, వారాంతం సాయంత్రం మీ గుమ్మం ముందు లైను చూడరు. కాగితం మీద ఉన్నదే చూస్తారు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కాగితం గురించే.

ఇక్కడి కొలతలు 2010 నాటి ఏడీఏ (అమెరికా వికలాంగుల చట్టం) ప్రమాణాల నుంచి, చాలా రాష్ట్రాలు పాటించే అంతర్జాతీయ బిల్డింగ్ కోడ్, ఫైర్ కోడ్‌ల నుంచి తీసుకున్నవి. మీ సిటీ వీటికంటే కఠినంగా ఉండొచ్చు. అలాంటప్పుడు సిటీ అంకెనే పట్టుకోండి.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- స్థలం సర్వే ప్లాన్. కౌంటీ వెబ్‌సైటులో దొరికే పార్సిల్ మ్యాపు సర్వే కాదు. దాన్ని నమ్మి కంచె గీయకండి.
- లీజు పూర్తి ప్రతి, దాని వెనుక జతచేసిన ఎగ్జిబిట్లతో సహా. బిల్డింగ్ ఓనర్ సంతకం చేసిన అనుమతి లేఖ. కొన్ని సిటీలు దీన్ని నోటరీ చేయించమంటాయి.
- సైట్ ప్లాన్, ఫర్నిచర్ లేఅవుట్, ఎలివేషన్ (ఎదురుగా నిలబడి చూస్తే ఎలా ఉంటుందో చూపే డ్రాయింగ్). ఫర్నిచర్ లేఅవుట్‌ను 1/4 అంగుళం = 1 అడుగు స్కేల్లో గీయించండి. అంతకంటే చిన్న స్కేల్లో కుర్చీలు చుక్కల్లా కనిపిస్తాయి.
- పాటియో వచ్చే చోటును నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు. పక్క షాపుల గుమ్మాలు కూడా పడాలి.
- కుర్చీ, టేబుల్, గొడుగు, లైటు, హీటర్, కంచె, ఒక్కొక్కదానికి తయారీదారు ఇచ్చే కట్ షీట్ (కొలతలు, వివరాలున్న కాగితం). రంగు పేరు, కోడ్ నంబరుతో.
- ఒకటి రెండు పేజీల నెరేటివ్, అంటే మీ ప్రతిపాదనను వివరించే రాత. ఇది ఎలా రాయాలో 8వ మెట్టులో ఉంది.

1. ఆ నేల ఎవరిదో తేల్చుకోండి

మీ గోడ నుంచి రోడ్డు అంచు దాకా ఉన్న జాగా మీ ఓనర్‌దే అనుకోకండి. డౌన్‌టౌన్లలో గోడ దాటగానే సిటీ సైడ్‌వాక్ మొదలవుతుంది. అక్కడ టేబుల్ వేయాలంటే డిజైన్ రివ్యూతో పాటు సైడ్‌వాక్ కెఫే పర్మిట్ కూడా కావాలి. సిటీకీ రక్షణ వర్తించేలా దాన్ని "అడిషనల్ ఇన్సూర్డ్"గా చేర్చిన లయబిలిటీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. నడిచేవాళ్లకు ఎంత ఖాళీ వదలాలో ఆ సిటీ రూల్లో ఉంటుంది. చాలాచోట్ల 6 అడుగులు, రద్దీ వీధుల్లో 8 లేదా అంతకంటే ఎక్కువ. ఆ ఖాళీని గోడ నుంచి కొలవకూడదు. చెట్టు తొట్టి, దీపస్తంభం, పార్కింగ్ మీటర్, వీటిలో దారిలోకి ఎక్కువగా చొచ్చుకొచ్చిన దాని అంచు నుంచి కొలవాలి. తిప్పి పంపే సైడ్‌వాక్ డ్రాయింగుల్లో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది.

స్ట్రిప్ మాల్‌లో అయితే నేల ఓనర్‌దే. కానీ లీజులో మీకు రాసిచ్చింది గోడల లోపలి భాగం మాత్రమే అయ్యుంటుంది. బయటి నడవా అందరు అద్దెదారుల ఉమ్మడి జాగా. "పాటియో వాడుకునే ప్రత్యేక హక్కు" అని లీజు సవరణలో రాయించుకున్నాకే ఆర్కిటెక్టుకు డబ్బు కట్టండి. పక్క షాపు లీజులో తన గుమ్మం ముందు అడ్డు రాకూడదన్న షరతు ఉందేమో ఓనర్‌ను అడగండి.

కొందరు పార్కింగ్ లేన్‌లో, అంటే రోడ్డు మీదే, టేబుళ్లు వేస్తారు. దాని నిబంధనలు ఊరూరికీ మారతాయి. న్యూయార్క్ సిటీ 2023 చట్టంలో రోడ్డు మీది కెఫేలను ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 29 వరకే అనుమతించింది. చలికాలం రాగానే మొత్తం విప్పి తీసేయాలి. అలాంటి చోట మొదటి నుంచీ విప్పదీసే డిజైనే గీయించండి.

2. ప్రీ-అప్లికేషన్ మీటింగ్ అడగండి

ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఈ మీటింగ్ చాలాచోట్ల ఉచితం, లేదా తక్కువ ఫీజు. చేత్తో గీసిన స్కెచ్, ఫొటోలు తీసుకెళ్లినా చాలు. నాలుగు ప్రశ్నలకు జవాబు రాబట్టండి:

- స్టాఫే సంతకం పెట్టి తేల్చేస్తారా, బోర్డు ముందు హియరింగ్‌కి వెళ్లాలా? ఎంత సైజు దాటితే బోర్డుకు వెళ్తుంది?
- ఇది పాత కట్టడాలను కాపాడే హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఉందా? ఉంటే "సర్టిఫికెట్ ఆఫ్ అప్రాప్రియేట్‌నెస్" విడిగా కావాలి.
- పాటియోకు అదనపు పార్కింగ్ లెక్కిస్తారా?
- బిల్డింగ్, ఫైర్, హెల్త్ డిపార్ట్‌మెంట్లకు ఈ ఫైలు మీరే పంపుతారా, మేము విడిగా వెళ్లాలా?

జవాబులను ఆ రోజే ఈమెయిల్‌లో రాసి "మేము ఇలా అర్థం చేసుకున్నాం, సరిచూడండి" అని పంపండి. మూడు నెలల తర్వాత ప్లానర్ మారిపోతే మీ దగ్గర మిగిలే ఆధారం ఆ ఈమెయిలే.

బోర్డుకు వెళ్లాల్సిన సైజుకు మీరు కొంచెమే పైన ఉంటే, పాటియో తగ్గించి స్టాఫ్ స్థాయిలో ముగించడం మేలు. ఒక టేబుల్ పోతుంది, నెలలు మిగులుతాయి.

3. కుర్చీలు వెనక్కి లాగి గీయించండి

మొత్తం పనిలో అసలు మెట్టు ఇది. డ్రాయింగులో కుర్చీలను టేబుల్ కిందికి తోసి గీస్తే దారి విశాలంగా కనిపిస్తుంది. మనుషులు కూర్చున్నాక ఆ దారి ఉండదు. రివ్యూయర్‌కి ఇది తెలుసు. అందుకే స్కేలు పెట్టి కొలుస్తాడు.

టేబుల్ అంచు నుంచి కూర్చున్న మనిషి వీపు దాకా 18 అంగుళాలు వేసుకోండి. నడిచే దారికి కనీసం 36. ఉదాహరణకు 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న పాటియో తీసుకుందాం. టేబుల్ 30 x 48 అంగుళాలు, నలుగురికి.

పొడుగు వైపు కంచెకు సమాంతరంగా పెడితే ఒక వరుసకు 18 + 30 + 18 = 66 అంగుళాలు. రెండు వరుసలకు 132, మధ్య దారికి 36, మొత్తం 168. అంటే 14 అడుగులు. మీ దగ్గరున్నది 12.

అవే టేబుళ్లను తిప్పి, పొట్టి అంచును కంచెకు ఆనించండి. 48 + 48 + 36 = 132 అంగుళాలు, అంటే 11 అడుగులు. ఇంకో అడుగు మిగిలింది. పొడవు వైపు ఒక్కో టేబుల్‌కి కుర్చీలతో కలిపి 66, వీపుకీ వీపుకీ మధ్య మనిషి దూరడానికి 18. ఒక వరుసలో నాలుగు టేబుళ్లకు 318 అంగుళాలు, రెండు వరుసల్లో కలిపి 8 టేబుళ్లు. మీకున్న 360లో 42 మిగులుతుంది. అది గేటుకు పనికొస్తుంది. గుమ్మం ఎదురుగా ఒక టేబుల్, వీల్‌చైర్ చోటు కోసం ఇంకొకటి తీసేస్తే మిగిలేవి 6 టేబుళ్లు, 24 సీట్లు.

ఎలా సరిచూడాలి: డ్రాయింగ్ ఇచ్చేముందు ఆ జాగాలో సుద్దముక్కతో గీతలు గీసి, నిజం టేబుల్ ఒకటి, కుర్చీలు నాలుగు బయటపెట్టి మనుషుల్ని కూర్చోబెట్టండి. రెండు చేతుల్లో ప్లేట్లతో సర్వర్‌ను నడిపించండి. ఒరుసుకుంటే డ్రాయింగ్ తప్పు.

4. వీల్‌చైర్ సీట్లు: మొక్కుబడిగా వదలకండి

సీట్లలో కనీసం 5 శాతం వీల్‌చైర్‌కి అందేలా ఉండాలి. భిన్నం వస్తే పై అంకెకు వెళ్లాలి. 24 సీట్లకు 1.2 వస్తుంది, కాబట్టి 2 సీట్లు, వేర్వేరు టేబుళ్ల దగ్గర.

టేబుల్ పైభాగం నేల నుంచి 28 నుంచి 34 అంగుళాల మధ్య ఉండాలి. కింద మోకాళ్లకు 27 అంగుళాల ఎత్తు, 30 వెడల్పు, లోపలికి కనీసం 17 అంగుళాలు ఖాళీ కావాలి. మధ్యలో లావుపాటి స్తంభం, కింద పెద్ద పళ్లెం లాంటి బేస్ ఉన్న టేబుళ్లు ఇక్కడే ఫెయిలవుతాయి. పొడుగు కాళ్ల బార్ టేబుల్ ఈ లెక్కలోకి రాదు.

డ్రాయింగులో 30 x 48 అంగుళాల దీర్ఘచతురస్రం గీసి వీల్‌చైర్ గుర్తు పెట్టాలి. చాలామంది దాన్ని దారి మీదికి గీస్తారు. ఆ కుర్చీ వచ్చి నిలబడితే దారి మూసుకుపోతుందని వెంటనే కామెంటు వస్తుంది. పైన తీసేసిన టేబుల్ ఖాళీలోకి దాన్ని తిప్పి గీయండి.

నేల వాలు కూడా ఇక్కడే చూసుకోవాలి. వాన నీరు పోవడానికి అడుగుకు 1/8 అంగుళం వాలు కావాలి. ఏడీఏ ప్రకారం వీల్‌చైర్ నిలిచే చోట అడుగుకు 1/4 అంగుళం దాటకూడదు. కాంక్రీటు మేస్త్రీకి ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసివ్వండి. కొలవడం తేలిక: 4 అడుగుల స్పిరిట్ లెవెల్‌ను నేల మీద పెట్టి, దిగువ కొసను బుడగ మధ్యకు వచ్చేదాకా ఎత్తండి. కింద సందు 1 అంగుళం దాటితే వాలు ఎక్కువైనట్టే. గడప దగ్గర ఎత్తు అర అంగుళం మించకూడదు.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. పని అంచనా ఖర్చు 50,000 డాలర్లు లేదా అంతకు పైన ఉంటే రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ టీడీఎల్‌ఆర్ దగ్గర ప్రాజెక్టు రిజిస్టర్ చేసి, యాక్సెసిబిలిటీ రివ్యూ, ఇన్‌స్పెక్షన్ చేయించాలి. సిటీ అప్రూవల్ దానికి బదులు కాదు.

5. మంది లెక్క, గేటు

టేబుళ్లు, కుర్చీలు ఉన్న చోటుకు బిల్డింగ్ కోడ్ మనిషికి 15 చదరపు అడుగులు లెక్కిస్తుంది. మన 360 చదరపు అడుగులకు 24 మంది. ఇక్కడి దాకా బాగానే ఉంది.

చిక్కు ఎక్కడంటే, పాటియోకు కంచె కట్టి, బయటికి దారి లోపలి హాలు గుండానే ఉంచితే ఈ 24 మందీ లోపలివాళ్లతో కలుస్తారు. లోపల 44 మంది ఉంటే 68. ఒకే దారి సరిపోయే హద్దు 49. అంటే రెండో ఎగ్జిట్ కావాలి. అప్పటిదాకా చిన్న బిజినెస్ వర్గంలో ఉన్న మీ రెస్టారెంట్ 50 దాటడంతో అసెంబ్లీ (జనం గుమిగూడే చోట్ల) వర్గంలోకి మారే ప్రమాదమూ ఉంది. మారితే తలుపుల నుంచి టాయిలెట్ల దాకా లెక్క మళ్లీ మొదలు. కంచెకు నేరుగా బయటికి తెరుచుకునే గేటు పెడితే ఈ ముడి చాలావరకు విడిపోతుంది. "పాటియో మందిని లోపలి లెక్కలో కలుపుతారా?" అని బిల్డింగ్ అఫీషియల్‌ను రాతపూర్వకంగా అడగండి.

మద్యం లైసెన్స్ ఉన్నవాళ్లు గేటు మూసి ఉంచాలనుకుంటారు. ఫైర్ వాళ్లు తాళం ఒప్పుకోరు. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే, అలారం మోగే పానిక్ బార్ గేటు ఇద్దరికీ సరిపోతుంది. పాటియోలో మద్యం ఇవ్వాలంటే లైసెన్స్ పరిధిలో ఆ జాగాను చేర్పించాలి. అది రాష్ట్రం పని, సిటీది కాదు. సమాంతరంగా మొదలుపెట్టండి.

6. కంచె, గొడుగు, దీపం, హీటర్

కంచె: పౌడర్ కోటింగ్ చేసిన అల్యూమినియం లేదా స్టీలు, 36 నుంచి 42 అంగుళాల ఎత్తు, అవతలివైపు కనిపించేది అయితే బోర్డులు సులువుగా ఒప్పుకుంటాయి. తెల్ల ప్లాస్టిక్ కంచె, గాలికి కట్టే పారదర్శక షీట్లు, ఆస్ట్రోటర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) పెడితే ప్రశ్నలు ఖాయం. పాటియో పక్క నేల కంటే 30 అంగుళాలకు మించి ఎత్తులో ఉంటే మాత్రం అది కంచె కాదు, 42 అంగుళాల గార్డ్‌రైల్. అడుగు కడ్డీని నేలకు దగ్గరగా పెట్టండి, చూపు లేనివాళ్ల చేతికర్రకు తగలాలి.

పార్కింగ్ గళ్లకు ఎదురుగా ఉంటే స్టీలు గొట్టంలో కాంక్రీటు పోసిన బొలార్డులు కంచె ముందు పెట్టండి. బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కిన కారును చక్రం ఆపే దిమ్మె ఆపలేదు. సిటీ అడగకపోయినా పెట్టాల్సిందే.

గొడుగు: కింది అంచు నేల నుంచి కనీసం 80 అంగుళాలు. గుడ్డకు నిప్పు త్వరగా అంటుకోదని చెప్పే ఎన్‌ఎఫ్‌పీఏ 701 లేబుల్ కుట్టి ఉందో లేదో కొనేముందే చూడండి. బీర్ కంపెనీ ఉచితంగా ఇచ్చే బొమ్మల గొడుగు వద్దు. దాని మీద పేరుంటే సిటీ లెక్కలో అది సైన్‌బోర్డు, దానికి వేరే పర్మిట్.

దీపాలు: కాంతి కిందికే పడే ఫిక్చర్లు, 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు వెలుగు. తీగ దీపాలైతే తడి చోట వాడదగినవని లిస్టింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ కార్డుతో శాశ్వతంగా వెలిగిస్తామంటే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు.

హీటర్: చక్రాల మీద నడిపే గ్యాస్ హీటర్ గోడకు 5 అడుగులు, గొడుగులకు 5 అడుగులు, ఎగ్జిట్‌కు 5 అడుగులు దూరంగా ఉండాలని ఫైర్ కోడ్. 12 అడుగుల పాటియోలో గొడుగులు వేశాక అలాంటి చోటు దాదాపు దొరకదు. గోడకు బిగించే ఎలక్ట్రిక్ ఇన్‌ఫ్రారెడ్ హీటర్లు పెట్టుకోండి. చుట్టూ ఎంత దూరం వదలాలో కట్ షీటులోనే ఉంటుంది. ఫైర్ హైడ్రెంట్ చుట్టూ 3 అడుగులు ఖాళీగా వదలాలి, తొట్టి కూడా పెట్టకూడదు.

బయట తందూరు, దోసె పెనం పెట్టే ఆలోచన ఉంటే ఈ దరఖాస్తులో కలపకండి. వడ్డించడం వేరు, వండటం వేరు. వంట అనగానే హెల్త్, ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఫైలును కొత్తగా చూడటం మొదలుపెడతాయి.

7. పార్కింగ్

100 చదరపు అడుగులకు ఒక గడి అనే నిబంధన ఉన్నచోట 360కి 3.6, అంటే 4 గళ్లు. రెండు గళ్ల మీదే పాటియో కడుతుంటే అవి కూడా పోతాయి, మొత్తం 6 చూపించాలి. మాల్ మొత్తానికి ఎన్ని కావాలి, ఎన్ని ఉన్నాయి అనే పట్టిక ఓనర్ దగ్గర ఉంటుంది, అడిగి జతచేయండి. వికలాంగుల పార్కింగ్ గడిని, దాని పక్కనున్న చారల జాగాను మాత్రం ముట్టుకోవద్దు. కొన్నిచోట్ల ఈ బాధే లేదు: ఆస్టిన్ 2023 నవంబరులో కనీస పార్కింగ్ నిబంధనను ఎత్తేసింది. కాలిఫోర్నియాలో పెద్ద ట్రాన్సిట్ స్టాపుకు అర మైలు లోపల సిటీలు కనీస పార్కింగ్‌ను బలవంతపెట్టకూడదని ఏబీ 2097 చట్టం చెబుతోంది, కొద్ది మినహాయింపులతో.

8. నెరేటివ్: వాళ్ల ప్రశ్నల వరుసలోనే రాయండి

"ఇరవై ఏళ్లుగా ఈ ఊరికి సేవ చేస్తున్నాం" అనే పేరా ఎవరికీ పనికిరాదు. బోర్డు ఓటు వేయాలంటే మునిసిపల్ కోడ్‌లో రాసున్న "ఫైండింగ్స్" (బోర్డు తేల్చాల్సిన అంశాలు) ఒక్కొక్కటీ తీరాయని చెప్పగలగాలి. ఆ ఫైండింగ్స్‌ను కోడ్ నుంచి ఉన్నవున్నట్టు దించి, ఒక్కొక్కదాని కింద రెండు వాక్యాల్లో జవాబు, ఏ షీటులో కనిపిస్తుందో దాని నంబరు రాయండి. స్టాఫ్ రిపోర్టు రాసేవాళ్లు మీ వాక్యాలనే ఎత్తి రాసుకునే వీలుంటుంది.

పాటియో ఎన్నింటికి మూస్తారు, పాటలు పెడతారా, ఏ వైపు స్పీకర్లు అన్నది మీరే ముందు రాయండి. వెనక ఇళ్లుంటే రాత్రి 10కి పాటలు ఆపేస్తామని చెప్పండి. మీరు చెప్పకపోతే బోర్డు చెబుతుంది, అది మీకు నచ్చే సమయం కాకపోవచ్చు.

9. కామెంట్లు వచ్చాక

మొదటి విడతలో కామెంట్లు రావడం మామూలే. ప్రతి కామెంటునూ నంబరుతో దించి, పక్కన "ఏం మార్చాం, ఏ షీటులో" అని రాసిన లేఖ జతచేయండి. డ్రాయింగులో మార్చిన చోట రివిజన్ క్లౌడ్ (మబ్బు ఆకారపు గీత) గీసి, తేదీ పెట్టండి. అడగని మార్పులు చాటుగా దూర్చకండి. ఒక్కటి దొరికితే మొత్తం సెట్టును మొదటి నుంచి చూస్తారు.

తరచూ జరిగే తప్పు: సైట్ ప్లాన్‌లో 6 టేబుళ్లు, నెరేటివ్‌లో 28 సీట్లు, దరఖాస్తు ఫారంలో 30. పంపేముందు ఒకరు సీట్ల సంఖ్య, విస్తీర్ణం, కంచె ఎత్తు, ఈ మూడు అంకెల్ని అన్ని కాగితాల్లో వెతికి సరిచూడాలి.

10. హియరింగ్

చుట్టుపక్కల ఓనర్లకు సిటీ నోటీసు పంపుతుంది. అది పోస్టులో చేరేలోపే మీరు వెళ్లి డ్రాయింగ్ చూపించండి, ముఖ్యంగా వెనక ఇళ్లవాళ్లకు. వాళ్లు చెప్పేది తరచుగా చిన్నదే: డంప్‌స్టర్ మూత చప్పుడు, కిటికీలోకి పడే లైటు. సరిచేసి, సరిచేసినట్టు నెరేటివ్‌లో చేర్చండి.

స్టాఫ్ రిపోర్టు హియరింగ్‌కి కొన్ని రోజుల ముందే బయటికి వస్తుంది. చివర్లో ఉన్న షరతుల జాబితా చదవండి. మీ వల్ల కానిది ఉంటే ముందే ప్లానర్‌కు ఫోన్ చేయండి. ఆ రోజు ఆర్కిటెక్టును వెంట తీసుకెళ్లండి, కంచె ముక్క, గొడుగు గుడ్డ ముక్క, నేల టైలు అతికించిన బోర్డు కూడా. అడిగినదానికే జవాబు చెప్పండి. రంగు గురించి వాదించకండి, "అభ్యంతరమైతే ఈ రెండో రంగు" అని సిద్ధంగా ఉంచుకోండి.

గాలి ఎదురు తిరుగుతోందనిపిస్తే తిరస్కారం దాకా పోనివ్వకుండా "కంటిన్యుయెన్స్" (వాయిదా) అడగండి. తర్వాతి మీటింగ్‌కి మార్చిన డ్రాయింగుతో వెళ్లొచ్చు. తిరస్కరిస్తే కొన్ని సిటీల్లో అదే దరఖాస్తును ఏడాదిదాకా మళ్లీ పెట్టనివ్వరు.

11. ఓటు పడ్డాక

వెంటనే కాంక్రీటు పోయకండి. అప్పీలు గడువు దాటాలి, ఆ తర్వాత బిల్డింగ్ పర్మిట్. డిజైన్ రివ్యూ ఆమోదం నిర్మాణ అనుమతి కాదు. దానికీ గడువు ఉంటుంది, చివరి తేదీ లేఖలోనే ఉంటుంది.

ఆమోదించిన ఫర్నిచర్ ప్లాన్‌ను లామినేట్ చేయించి హోస్ట్ స్టాండ్ దగ్గర ఉంచండి. ఇన్‌స్పెక్టర్ దాంతోనే పోల్చి చూస్తాడు, రోజూ టేబుళ్లు సర్దే కుర్రాళ్లకూ అదే ఆధారం. కుర్చీల మోడల్ దొరక్క మార్చాల్సి వస్తే కొనేముందు కట్ షీట్ పంపి "మైనర్ మోడిఫికేషన్" అడగండి. చాలాచోట్ల స్టాఫే సంతకం పెడతారు.

ఉగాదికో, క్రికెట్ ఫైనల్‌కో పాటియో మీద టెంట్ వేసి తెర కట్టాలంటే అది ఈ అనుమతిలోకి రాదు. తాత్కాలిక ఈవెంట్ పర్మిట్ వేరు. 400 చదరపు అడుగులు దాటిన టెంట్‌కి ఫైర్ పర్మిట్ కూడా అడుగుతారు. మన పాటియో 360 చదరపు అడుగులే అయినా, గుమ్మం దాకా కప్పే టెంట్ ఆ హద్దు దాటొచ్చు. అద్దెకు ఇచ్చేవాళ్ల దగ్గర ఆ గుడ్డకు ఎన్‌ఎఫ్‌పీఏ 701 సర్టిఫికెట్ తీసుకుని, కనీసం నెల ముందు దరఖాస్తు పెట్టండి.